దండమునకు లెక్క



నేఁటి నా ప్రసంగమునకు "దండమునకు లెక్క" యని పేరు పెట్టితిని. మన భాషలో దండమను మాటకు అర్థము లనేకములు. చేతికఱ్ఱ దండము, శిక్ష దండము, సేన దండము. పెద్దలకుఁ జేయు నమస్కారమును దండమే. రాజ్యపాలన శాస్త్రమునకుఁ బూర్వులు దండనీతి యని పేరిడిరి. రక్షకభటుని చేతిలోని లాఠియు, భుజముమీఁది తుపాకియు ఆ దండమునకు నేఁటి రూపములు. లెక్క యను మాటకును మనవారు రెండర్థములు చెప్పుదురు. ఎంచుట యొకటి, గౌరవించుట రెండవది. "నన్ను లెక్కలోనికిఁ దీసికొనలేదు" అన్నను, "నన్ను లెక్కచేయలేదు" అన్నను పల్లెటూరివాని నోట నొక్కటే బాధ ధ్వనించును.

ప్రభుత్వము ప్రజలపై దండము నెత్తినపుడు ఎన్ని గుండ్లు పేలినవి, ఎందఱు కూలిరి, ఎవరి యాజ్ఞచేత, ఏ యవసరముచేత నను లెక్కను ఎవరు వ్రాయవలెను? వ్రాసినదానిని ఎవరు సరిచూడవలెను? కొట్టినవాఁడే వ్రాసి, కొట్టినవాఁడే సరిచూచిన నది లెక్క యగునా? ఈ ప్రశ్నకు మన ప్రాంతపు చరిత్ర యేమి చెప్పుచున్నదో మీకు నివేదించుట నా యుద్దేశము.

నేను చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతమందలి రామకుప్పమున నుండువాఁడను. పిల్లలకుఁ దెలుఁగు పాఠములు చెప్పి యుద్యోగవిరమణము చేసినవాఁడను. మాది మూఁడు రాష్ట్రములు కలియు చోటు. సంతలోఁ దెలుఁగు, కన్నడము, తమిళము నొక్క బేరములోనే వినవచ్చును. కనుక నేను చెప్పఁబోవు చరిత్ర కొంత మదరాసుది, కొంత మైసూరుది. రెండును మాకుఁ బొరుగిండ్లే.

మొదట శాస్త్రము మాట. తీక్ష్ణదండుఁడైన రాజును జూచి ప్రజలు కలఁతపడుదురనియు, మృదుదండుఁడు చులకన యగుననియు, తగినట్లు దండించువాఁడే పూజ్యుఁడనియుఁ గౌటిల్యుఁడు చెప్పెను. ఇది పలువురు వినినదే. అంతగా వినఁబడనిది మఱియొకటి కలదు. అర్థశాస్త్రమున కంటకశోధనమను నాలుగవ యధికరణమునందుఁ జెఱసాల యధికారికి విధింపవలసిన జరిమానాల పట్టిక యున్నది. కారణము చెప్పక మనుష్యుని నిర్బంధించిన 24 పణములు; అన్యాయముగ హింసించిన 48; అన్నోదకములు మాన్పించిన 96; కొట్టి చంపిన 1000 పణములు. ప్రాణమునకు వేయి పణముల వెల కట్టుట నేఁటి మనకు రుచింపదు. కాని యందలి భావమును గమనింపుఁడు. దండమును జేతఁ బట్టినవాఁడు దండమునకు వెలుపలివాఁడు కాఁడు. అతఁడును లెక్క యొప్పగింపవలసినవాఁడే. అయితే ఆ లెక్క చూచువాఁడు రాజు. ఆ యధికారిని నియమించినవాఁడును రాజే. రాజు కన్ను మూసికొన్నచో నడుగువాఁడు లేఁడు. పట్టిక యున్నది గాని పట్టికను జదివి వినిపించు వేఱొక నోరు లేదు. ఈ కొఱఁతను జ్ఞాపకముంచుకొనుఁడు. ముందుముందు మఱల మఱల కనఁబడును.

ఆ గ్రంథపు తాళపత్రప్రతి మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకుఁ జేరఁగా, ఆర్. శామశాస్త్రిగారు దానిని 1909లోఁ బ్రకటించిరి. ఆ మైసూరు రాజ్యముననే ఇరువదితొమ్మిదేండ్లకు జరిగిన సంగతిని దఱువాతఁ జెప్పెదను. దానికి ముందు కుంపిణీ నాఁటి యొక విచారణమును జూడవలయును.

కుంపిణీ దొరతనమున నిప్పటి చిత్తూరు జిల్లా లేదు. అది 1911 ఏప్రిలు 1వ తేదీన నేర్పడినది. అంతకు ముందు చిత్తూరు, పలమనేరు, మా కుప్పము ప్రాంతములు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, మదనపల్లె కడప జిల్లాలోను నుండెడివి. 1816 మొదలు మదరాసు రాజధానిలో కలెక్టరే మేజిస్ట్రేటు. తాలూకాలో తహసీలుదారే శిస్తు వసూలు చేయువాఁడు, తహసీలుదారే పోలీసు పెద్ద. పన్ను బాకీపడిన రైతును బట్టి తెచ్చువాఁడును, వానిని విచారించువాఁడును, వాని మొఱ వినవలసినవాఁడును నొక్కఁడే. అట్టిచోట నేమి జరుగునో యూహింపవచ్చును. రైతును మండుటెండలో నిలువఁబెట్టుదురు. వంచి వీఁపుమీఁద బండ నెత్తుదురు. మెడకును గాలి బొటనవ్రేలికిని ద్రాడు బిగించి వంగినవానిని వంగినట్లే యుంచుదురు. కిట్టి యని యొక సాధనము కలదు. రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్లు పెట్టి నొక్కుదురు. దొంగతన మొప్పించుటకును, శిస్తు రాఁబట్టుటకును నివియే యుపాయములు.

ఇవి యూరూర నందఱకుఁ దెలిసినవే. తెలిసియుఁ గాగితముమీఁదికి రానివి. వానిని గాగితమునకు ఎక్కించిన ఘనత యొక తెలుఁగు వర్తకునిది. మదరాసు పట్టణమున గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1844లో క్రెసెంటు అను పత్రికను స్థాపించిరి. 1852లో మదరాసు నేటివు అసోసియేషనును నెలకొల్పిరి. ప్రజల కష్టములను వ్రాయించి యింగ్లండులోని పార్లమెంటునకు మహజరులు పంపిరి. 1853లో డాన్బీ సీమూరు అను పార్లమెంటు సభ్యుఁడు మదరాసునకు రాఁగా, శెట్టిగారాయనను వెంటఁబెట్టుకొని జిల్లాలు త్రిప్పి రైతుల నోటనే వారి బాధలను వినిపించిరి. ఆయన తిరిగిపోయిన పిమ్మట, 1854 జూలైలో నీ ప్రస్తావము పార్లమెంటునకు వచ్చెను. ఇఁక దాఁచుటకు వీలులేక మదరాసు ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురు సభ్యులు. వారిలో ఇలియట్ మదరాసు పట్టణమునకుఁ బోలీసు పెద్దగా నుండినవాఁడు.

సంఘమువారు ప్రకటన చేయఁగా 1,959 ఫిర్యాదులు వచ్చినవి. అందులో 519 మంది స్వయముగ వచ్చి చెప్పుకొనిరి. తక్కినవారు వ్రాసి పంపిరి. రైలు లేని కాలమది. పొలము విడిచి, దారిబత్తెము మూటకట్టుకొని, దూరపు జిల్లాలనుండి మదరాసు చేరి, తెల్లదొరల యెదుట నిలిచి తమ్ము హింసించిన యధికారుల పేళ్లు చెప్పుట సామాన్యసాహసము కాదు. తిరిగి పోవలసినది ఆ యధికారులున్న యూళ్లకే గదా! 1855 ఏప్రిలులో సమర్పింపఁబడిన నివేదికయందు సంఘమువారు హింస యున్నమాట నిజమే యని యొప్పుకొనిరి. శిస్తు వసూలుకును, నేరము నొప్పించుటకును హింస వాడుకలో నున్నదనియు, మొఱపెట్టుకొనఁబోయినవానికి దూరము, వ్యయము, కాలయాపన మడ్డమనియు వ్రాసిరి. రెవెన్యూను బోలీసును విడఁదీయుట మంచిదనిరి. అయితే దోషమంతయు దేశీయులైన క్రింది నౌకరులపైఁ బెట్టి, పైనున్న తెల్లదొరలను దోషమునుండి తప్పించిరి. క్రిందివాఁడు వసూలు చేసిన సొమ్ము పైవానికే చేరినది. క్రిందివాఁడు చేసిన పాపము మాత్రము పైవానికిఁ జేరలేదు! ఇదియు నొక లెక్కయే.

అయినను ఆ నివేదిక వట్టిపోలేదు. దానికి రెండు ఫలములు కలిగినవి. మొదటిది, 1859లో మదరాసు పోలీసు చట్టము పుట్టి, పోలీసు శాఖ రెవెన్యూనుండి వేఱు పడినది. 1861లో దేశమంతటికి నట్టి చట్టమే వచ్చినది. రెండవది యంతకంటె ముఖ్యమైనది. పోలీసు అధికారి యెదుట ముద్దాయి నేర మొప్పుకొన్నను ఆ యొప్పుకోలు న్యాయస్థానమునఁ బనికిరాదను నియమము 1861 నాఁటి క్రిమినలు ప్రొసీజరు కోడులోఁ జేరినది. తఱువాత 1872 నాఁటి సాక్ష్యచట్టములోనికి వచ్చినది. 2024 జూలై 1వ తేదీనుండి యమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములో నిదియే 23వ సెక్షను. పేరు లేని యా రైతులు నడచిపోయి చెప్పిన మాటలవంటి మాటలే యీ నియమమునకుఁ బునాది. నేఁడు ఠాణాలో నడుగుపెట్టు ప్రతివానికి నది కవచమై యున్నది.

కాని శ్రోతలారా, 1859లో విడఁదీసినది శిస్తు వసూలు చేయు చేతిని, లాఠి పట్టు చేతిని. లాఠి పట్టు చేతిని, దాని లెక్క చూచు కంటిని విడఁదీయలేదు. ఆ మిగిలిపోయిన పని యెట్టిదో తఱువాతి శతాబ్దమునఁ దెలిసినది.

1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘము బొంబాయిలో దిగినది. ఆ దినమున మదరాసులో హర్తాళము. హైకోర్టు సమీపమునఁ బోలీసులు కాల్పులు జరుపఁగా నొక మనుష్యుఁడు మరణించెను. టంగుటూరి ప్రకాశముగారు ఆ మృతుని జూడఁబోయిరి. పోలీసులు తుపాకు లెదురుపెట్టి యడ్డగింప నాయన ఱొమ్ము చూపి నిలిచిరి. ఈ కథను మనము ధైర్యమునకు దృష్టాంతముగాఁ బిల్లలకుఁ జెప్పుదుము, చెప్పవలసినదే. కాని యాయన యడిగినదేమో తఱుచుగ మఱచిపోవుదుము. ఆయన రాజ్య మడుగలేదు. చనిపోయినవానిని జూడనిమ్మనిరి. ప్రభుత్వము గుండు పేల్చినపుడు ప్రజ యడుగవలసిన మొదటి ప్రశ్న యదియే: ఎవఁడు పడెను? ఎట్లు పడెను? మా కన్నులతో మమ్ముఁ జూడనిండు.

ఇఁక మైసూరు సంగతి. మా యూరికి వాయవ్యముగఁ గోలారు, చింతామణి దాఁటి పోయినచో గౌరీబిదనూరు తాలూకా వచ్చును. అచట ఉత్తర పినాకినీ తీరమున విదురాశ్వత్థ మను క్షేత్రము కలదు. మన హిందూపురమునకు సమీపమే. ఆ ప్రాంతమునఁ దెలుఁగు ఇంటింట వినఁబడును. భారతకథలోని విదురుఁడు నాఁటిన రావిచెట్టు గనుక నా పేరు వచ్చినదని స్థలపురాణము. చెట్టు చుట్టును భక్తులు ప్రతిష్ఠించిన నాగశిలలు లెక్కకు మిక్కిలి. సంతానము కోరి దంపతులు వత్తురు. చైత్రమాసమున జాతర జరుగును. 1938లో ఆ తాలూకా మైసూరు సంస్థానమున కోలారు జిల్లాలోనిది. నేఁడు చిక్కబళ్లాపురము జిల్లాలోనిది.

నాఁడు మైసూరు ప్రభువు నాలుగవ కృష్ణరాజ ఒడయరుగారు. దివాను సర్ మీర్జా ఇస్మాయిలుగారు. విద్యకును, విద్యుచ్ఛక్తికిని, పరిశ్రమలకును బేరెక్కిన రాజ్యము. సమర్థులును, సంస్కారవంతులునైన పాలకులు. ఈ మాట నేను కావలయుననియే చెప్పుచున్నాను. లెక్క చెప్పని దండము దుష్టుల రాజ్యముననే ప్రమాదమని తలంపరాదు. మంచివారి రాజ్యమునను నది ప్రమాదమే. 1938 ఏప్రిలులో మైసూరు కాంగ్రెసువారు మద్దూరు సమీపమున శివపురమునఁ దమ మొదటి మహాసభ జరిపి, టి. సిద్ధలింగయ్యగారి యధ్యక్షతను, నిషేధాజ్ఞను ధిక్కరించి త్రివర్ణపతాక నెగురవేసిరి. అది మొదలు రాజ్యమున నూరూర జెండా సత్యాగ్రహములు. జెండా గుడ్డముక్కయే, కాని దాని నెగురవేయువాఁడు "పాలనమున మాకును బాలు కలదు" అని చెప్పుచున్నాఁడు. ఆ మాటయే ప్రభుత్వమునకు గిట్టలేదు.

1938 ఏప్రిలు 25వ తేదీన విదురాశ్వత్థమున జనము వేలకొలఁదిగఁ జేరిరి. సభలు కూడదని యధికారుల నిషేధము. జెండా యెత్తుదుమని జనుల పట్టుదల. సభ చెదరిపొమ్మన్నను జనము చెదరలేదు. రాళ్లు పడినవని ప్రభుత్వపక్షము చెప్పినది. పోలీసులు తుపాకులు పేల్చిరి. రావిచెట్టు నీడను, నాగప్రతిమల నడుమను మనుష్యులు కూలిరి. ఎందఱు? ప్రభుత్వము వారి లెక్క 10 మంది. ప్రజల లెక్క 32 మంది.

ఈ రెండంకెలే నా నేఁటి ప్రసంగమునకు మూలము. నేను బడిలో నీ పాఠము చెప్పినపుడు వెనుక బల్లమీఁది పిల్లవాఁ డొకఁడు లేచి, "అయ్యవారూ, నడుమ ఇరవైరెండుమంది ఏమైనట్లు?" అని యడిగెను. తరగతిలోఁ గొందఱు నవ్విరి. అది నవ్వవలసిన ప్రశ్న కాదని చెప్పి, నల్లబల్లమీఁద రెండంకెలను వ్రాయించి, గంట కొట్టువఱకు నట్లే యుంచితిని. పశువుల సంతలోఁ దప్పిపోయిన మేఁకకైన లెక్క యుండును. రాజ్యమున ముప్పదిరెండుగురు పడిరా, పదుగురు పడిరా యను విషయమున నొక్క యంకెమీఁదికి రాలేకపోవుట కేవలము గణితదోషమా? కాదు. లెక్క వ్రాయు కలము, గుండు పేల్చిన చేయి నొక్క యింటివైనపుడు ప్రజలు ఆ లెక్కను నమ్మరు. నమ్మనివారు తమ లెక్క తాము వ్రాసికొందురు. అటుపిమ్మట నిజ మెంతయైనను ఆ రెండంకెల నడుమనే పడి నలుగుచుండును.

ఈ కాల్పుల వార్త దేశమంతటఁ బ్రాఁకెను. దక్షిణదేశపు జలియన్‌వాలాబాగని జనులు పేరు పెట్టిరి. వార్తాపత్రికలు వ్రాసిరి, సభలు జరిగినవి. అప్పుడు మైసూరు ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. దాని యధ్యక్షులు మదరాసు హైకోర్టున న్యాయమూర్తిగా నుండి విరమించిన సర్ వేపా రామేశముగారు, మన తెలుఁగువారే. విచారణ జరిగినది గాని తుపాకి పేల్చినవారికి దానివలన శిక్ష కలుగలేదు. మఱి ఫలమెక్కడనుండి వచ్చినది? గాంధీమహాత్ముఁడు పంపఁగా సర్దారు పటేలుగారును, ఆచార్య కృపలానీగారును 1938 మే మాసమున మైసూరు వచ్చి దివానుగారితో మాటలాడిరి. ఒడంబడిక కుదిరినది. మైసూరు కాంగ్రెసును ప్రభుత్వము గుర్తించినది. మైసూరు పతాకము ప్రక్కను ద్రివర్ణపతాక మెగురవేయ నంగీకరించినది. చెఱలోనున్నవారిని విడిచినది. ఏ జెండాకై మనుష్యులు చచ్చిరో ఆ జెండా కొలఁది వారములలోనే న్యాయమైనది! అంతలో న్యాయము కాఁగలిగిన దానికి గుండు పేల్చుట యెట్లు న్యాయమైనదని యెవరును సమాధానము చెప్పలేదు.

విదురాశ్వత్థ మను పేరు విన్నప్పుడెల్ల నాకు భారతమందలి విదురుఁడు తలంపునకు వచ్చును. ఆయన రాజోద్యోగియే; రాజుగారి యన్నము తిన్నవాఁడే. అయినను ధృతరాష్ట్రుఁడు నిద్రపట్టక పిలిపించినపుడు, నీ నిద్రలేమికిఁ గారణము నీవు చేసిన యన్యాయమే యని మొగముమీఁదఁ జెప్పినవాఁడు. రాజు వినెను, మెచ్చెను, తలయూఁచెను, కాని చేయలేదు. విచారణ సంఘముల నివేదికలకుఁ దఱుచుగఁ బట్టు గతి యిదియే. చెప్పువాఁడుండిన మాత్రమునఁ జాలదు. చెప్పినదానిని జేసి తీఱవలసిన కట్టుబాటు కావలయును.

స్వాతంత్ర్యము వచ్చినతోడనే యీ చిక్కు విడిపోవునని మన పెద్దలు తలంచిరి. తెల్లదొర తుపాకి పోయినది గనుక నిఁక తుపాకియే పోయినదనుకొనిరి. పోలేదు. 1966 నవంబరు 1వ తేదీన విశాఖపట్టణమున, ఉక్కు కర్మాగారము కావలయునని యడిగినవారిమీఁదఁ గాల్పులు. 2000 ఆగస్టు 28వ తేదీన హైదరాబాదు బషీరుబాగులో, విద్యుచ్ఛార్జీలు పెంచవలదని వచ్చినవారిమీఁదఁ గాల్పులు, మువ్వురు మృతులు. 2007 జూలై 28వ తేదీన ఖమ్మము జిల్లా ముదిగొండలో, భూమి పంచుమని యడిగినవారిమీఁదఁ గాల్పులు, ఏడుగురు మృతులు. ఉక్కు, దీపము, నేల! అడిగినవి రాజ్యమును గూలఁద్రోయు కోరికలు కావు. విశాఖ ఉక్కు కర్మాగారము తఱువాత వచ్చినది గూడ.

ఇచటఁ బోలీసువారి పక్షమునఁ జెప్పవలసినది నిష్పక్షపాతముగఁ జెప్పెదను. భటుఁడును మన పల్లెనుండి పోయిన రైతుబిడ్డయే. ఎండలో వానలో నిలిచి, కొద్దిపాటి విశ్రాంతితోఁ బనిచేయువాఁడు. జనసమ్మర్దము కోపించినపు డదియును గ్రూరమగును. 1922 ఫిబ్రవరిలోఁ జౌరీచౌరాలో జనులు ఠాణాకు నిప్పు పెట్టి 22 మంది పోలీసులను జంపిరి. గాంధీజీ ఆ పాపమును దమ పక్షపుదని దాఁచలేదు, ఉద్యమమునే నిలిపివేసిరి. తన పక్షము చేసిన హింసకు లెక్క యొప్పగించుట యన నది. ప్రజల నాయకునికిఁ జెల్లిన ధర్మము ప్రభుత్వమునకుఁ జెల్లకుండునా? నిజమునకు సరియైన లెక్క వలన మొదట మేలు పొందువాఁడు మంచి భటుఁడే. అవసరమై, ఆజ్ఞకు లోఁబడి, కొలఁది మీఱక బలము వాడినవానిని నిర్దోషి యని నమ్మదగినవారు తేల్చి చెప్పినపుడే యతని పరువు నిలుచును. లెక్క లేనిచో మంచివాఁడును జెడ్డవాఁడును నొక్క యనుమానము క్రిందనే బ్రదుకవలయును.

ఇటీవలి కాలమున న్యాయస్థానములు ఈ లెక్కకుఁ గొన్ని గీఁతలు గీసినవి. 2006 సెప్టెంబరు 22వ తేదీన ప్రకాశ్ సింగు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పోలీసులమీఁది ఫిర్యాదులను విచారించుటకు రాష్ట్రమునకు, జిల్లాకును వేఱు ప్రాధికార సంస్థలు స్థాపింపవలెనని యాజ్ఞాపించినది. ఆ వ్యాజ్యము వేసినవారు పోలీసు శాఖలో నున్నతపదవి నిర్వహించి విరమించినవారని గమనింపుఁడు. 2014 సెప్టెంబరు 23వ తేదీన మఱియొక తీర్పున, పోలీసుల చేత మనుష్యుఁడు మరణించిన ప్రతి ఘటనను వేఱు ఠాణావారో సీ.ఐ.డీ.వారో దర్యాప్తు చేయవలెననియు, మేజిస్ట్రేటు విచారణ జరుగవలెననియు, అనుమానము తీఱువఱకు ఆ పనికై బిరుదులు, పదోన్నతులు ఈయరాదనియుఁ జెప్పినది. 2020 డిసెంబరు 2వ తేదీన ప్రతి ఠాణాలోఁ గెమేరాలు పెట్టవలెనని చెప్పినది. 1855లో రైతులు ఫిర్యాదు చెప్పుటకు మదరాసు నడచిపోవలసివచ్చెను. ఠాణా గోడకే కన్ను పెట్టుమన్న నేఁటి యాజ్ఞ దానికి దూరపు బంధువే.

గీఁతలు గీయుట యొకటి, వానిమీఁద వ్రాయుట యొకటి. 2014 నాఁటి తీర్పు వచ్చి యేడు నెలలు నిండకమునుపే, 2015 ఏప్రిలు 7వ తేదీన, మా చిత్తూరు జిల్లాలోనే చంద్రగిరి సమీపమున శేషాచలపు టడవిలో 20 మంది పోలీసు కాల్పులకు గుఱియై మరణించిరి. ఎఱ్ఱచందనపుఁ జెట్లు కొట్టుటకు వచ్చినవారనియు, గొడ్డళ్లతో రాళ్లతో మీఁదఁ బడఁగా నాత్మరక్షణార్థము కాల్చితిమనియుఁ బోలీసులు చెప్పిరి. ముందుగనే పట్టి తెచ్చి కాల్చిరని హక్కుల సంఘములవారు చెప్పిరి. మృతులు తమిళనాటి పేదలు. వారి బంధువులు న్యాయస్థానముల నాశ్రయించిరి. జాతీయ మానవహక్కుల సంఘము విచారణ చేపట్టినది. చెట్టు కొట్టుట నేరమే. నేరమునకు శిక్ష కలదు. ఆ శిక్ష న్యాయస్థానము విధింపవలసినది. ఇచట మృతుల సంఖ్యలో వివాదము లేదు; ఎట్లు మరణించిరన్న దానిలో వివాదము. విదురాశ్వత్థమున నంకెలు రెండు. శేషాచలమునఁ గథలు రెండు. రోగ మొక్కటే.

చట్టమున మఱియొక తలుపు కలదు. దానిని జెప్పక ముగింపరాదు. గుంపులను జెదరఁగొట్టుట కధికారమిచ్చు నియమములు నేఁటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 148వ సెక్షను మొదలుకొని యున్నవి. ఆ వెంటనే 151వ సెక్షనున, అట్టి సందర్భమునఁ బనిచేసిన యధికారిపై ప్రభుత్వ మనుమతింపనిదే న్యాయస్థానమున నభియోగము నడపరాదని కలదు. సద్భావముతోఁ బనిచేసినవానిని వ్యర్థవ్యాజ్యములనుండి కాపాడుట దాని యుద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని తాళపుచెవి మాత్ర మా యింటివారి మొలనే యున్నది. కంటకశోధనపు పట్టికలో మనము చూచిన కొఱఁతయే యిది: పట్టిక యున్నది, దానిని జదువుట రాజుగారి యిష్టము.

కాఁబట్టి నూటడెబ్బదేండ్ల యీ చరిత్ర నాకుఁ దెలిపినది యొక్కటే. దండమునకు లెక్క దానియంతట నెన్నఁడును రాలేదు, అడిగినవారుండఁగా వచ్చినది. లక్ష్మీనరసు శెట్టిగా రడుగఁగా 1855 నివేదిక వచ్చినది. మృతుని జూతునని ప్రకాశముగా రడిగిరి. విదురాశ్వత్థపు జనము జెండాతో నడిగిరి. అడుగుటకుఁ గూడుట ప్రజల హక్కు. రాయి పట్టక యడుగుట ప్రజల ధర్మము. అడిగినదానికిఁ గాగితముమీఁద సమాధానము చెప్పుట ప్రభుత్వపు ఋణము. ఆ సమాధానమును సరిచూచువాఁడు దండము పట్టినవానికి బంధువు గాని, భృత్యుఁడు గాని, ప్రభువు గాని కారాదు. 1859లో సగము చేసి విడిచిన విభజనము నిట్లు పూర్తి చేయుట మన తరమువారికి మిగిలిన పని.

విదురాశ్వత్థమున నేఁడొక స్మారకము కలదు. శ్రోతలలో నెవరైన హిందూపురము మీఁదుగఁ బోవుచో నచట దిగి చూడుఁడు. మీ పిల్లలను వెంటఁ దీసికొనిపొండు. పది యేల, ముప్పదిరెండేల యని వారడుగుదురు. ఆ ప్రశ్నను మాన్పింపకుఁడు.